యెల్లోస్టోన్‌లో గూడుబండి ప్రయాణం, కౌబాయ్ విందు: పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి నా సమాధానం

మీరు అడిగిన విషయాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. జూలై రెండో వారంలో తెనాలి నుంచి వచ్చే మీ అమ్మానాన్నలతో, ఆరేళ్ళ పాపతో కలిసి మీరు అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనానికి వెళుతున్నారు. అక్కడ రూజ్‌వెల్ట్ లాడ్జ్ అనే బస దగ్గర సాయంత్రం పూట గుర్రాలు లాగే గూడుబండిలో ఎక్కించుకుని, కొండల నడుమ ఉన్న లోయలోకి తీసుకువెళ్ళి, కౌబాయ్‌ల (గుర్రాల మీద తిరిగే పశువుల కాపరుల) పద్ధతిలో ఆరుబయట వండిన భోజనం పెడతారని చదివారు. అమ్మగారు శాకాహారి, పైగా మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. నాన్నగారు మాంసం తింటారు గాని గొడ్డుమాంసం ముట్టరు. ఇంత డబ్బు పోసి బండెక్కి బీన్స్ తిని రావడం దండగ అని మీ మిత్రులు అంటున్నారు. వెళ్ళాలా వద్దా, వెళితే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

తీసుకువెళ్ళండి. పదహారేళ్ళుగా సాల్ట్ లేక్ సిటీలో ఉంటూ, ఇంటికి వచ్చిన బంధువులనూ స్నేహితులనూ ఈ విందుకూ, ఇలాంటివే మరికొన్నింటికీ చాలాసార్లు తీసుకువెళ్ళిన అనుభవంతో చెబుతున్నాను. గీజర్ల (నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గల) దగ్గర మా నాన్నగారు అందరిలాగే ఫొటోలు తీసుకుని ముందుకు నడిచారు. బండి దగ్గర మాత్రం ఆగిపోయారు. చక్రం మీద చెయ్యి వేసి, ఆకులు లెక్కపెట్టి, ఇరుసుకు కందెన ఎక్కడ పెడతారో చూపించమని నాచేత అడిగించారు. ఆ బండి తోలే అమ్మాయి మోంటానాలోని ఒక పశువుల రాంచ్‌లో (పెంపకపు క్షేత్రంలో) పెరిగిన పిల్ల. ఆమెకూ మా నాన్నగారికీ ఉమ్మడి భాష లేకపోయినా, పావుగంట సేపు చేతులతోనే మాట్లాడుకున్నారు. మన తరం అమెరికాలో చూసే వాటిలో మన పెద్దలకు మనకంటే బాగా తెలిసినవి చాలా తక్కువ. బండి వాటిలో ఒకటి.

అయితే ఆ సాయంత్రం మీకు కనిపించే దానిలో మూడు వేర్వేరు చరిత్రలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూడగలిగితే పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది. ముందే తెలుసుకుంటే దారిలో మీ అమ్మానాన్నలకు మీరే వివరించవచ్చు కనుక ఈ భాగాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిది వలస బండి. 1840ల నుంచి 1869 వరకు మిస్సోరీ నది తీరం నుంచి ఓరెగాన్ వరకు సుమారు 2,000 మైళ్ళ దారిలో లక్షల మంది తెల్లగుడ్డ కప్పిన బండ్లతో పడమటికి వెళ్ళారు. వంచిన కర్ర కమానుల మీద అవిసె నూనెతో తడిపిన గుడ్డను పరిచి గూడు కట్టేవారు. దూరం నుంచి చూస్తే గడ్డిమైదానంలో తెరచాప పడవలా కనిపించేది కనుక దానికి ప్రెయిరీ పడవ అన్న పేరు వచ్చింది. బండి తొట్టి సుమారు 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మాత్రమే. అందులో మనుషులు కూర్చుని ప్రయాణం చేశారని సినిమాలు చూసిన వాళ్ళు అనుకుంటారు గాని, నిజానికి ఎక్కువ మంది నడిచే వెళ్ళారు. బండి నిండా ఆరు నెలల పిండి, ఉప్పువేసిన పందిమాంసం, కాఫీ, పనిముట్లు ఉండేవి. ఆ కాలపు దారిపుస్తకాలు మనిషికి 200 పౌండ్ల గోధుమపిండి, 150 పౌండ్ల బేకన్ (ఉప్పుపెట్టి నిలవచేసిన పందిమాంసం) తీసుకువెళ్ళమని చెప్పాయి. కుదుపులను తట్టుకునే స్ప్రింగులు లేని ఆ బండిలో కూర్చోవడం కంటే, రోజుకు పదిహేను మైళ్ళు దాని పక్కన నడవడమే నయం అనిపించేదన్నది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. మన ఊళ్ళలో గతుకుల బాటలో బండి దిగి నడిచిన వాళ్ళను అడిగితే ఇదే చెబుతారు.

ఆ బండ్లను లాగినవి కూడా ఎక్కువగా గుర్రాలు కావు, ఎడ్లు. ఎద్దు ఖరీదు తక్కువ, దారి పక్కన మొలిచిన గడ్డి తిని బతుకుతుంది, గుర్రంలా దొంగతనానికి సులువుగా దొరకదు. ఇక్కడ మీ నాన్నగారికి తప్పక చెప్పవలసిన తేడా ఒకటి ఉంది. మన ఎద్దుకు మోపురం ఉంటుంది, కాడి దాని ముందు నిలుస్తుంది, అందువల్ల మెడ చుట్టూ ఒక పలుపు చాలు. ఐరోపా జాతి ఎద్దుకు మోపురం లేదు. అందుకని అమెరికా కాడికి ప్రతి ఎద్దు మెడ కింద నుంచి వంచిన కర్ర ఒకటి దూర్చి పైన బిగించేవారు. ముక్కుతాడూ పగ్గమూ ఉండేవి కావు. తోలేవాడు ఎడమ పక్కన నడుస్తూ, కుడికి తిప్పాలంటే ‘జీ’ అనీ ఎడమకు తిప్పాలంటే ‘హా’ అనీ కేకవేసేవాడు. (మాది అద్దంకి ప్రాంతం కనుక ఇంకొక మాట చేర్చకుండా ఉండలేను. టెక్సాస్‌లో ఇప్పుడు కనిపించే మోపురం ఉన్న బ్రాహ్మన్ జాతి పశువుల పుట్టుకలో మన ఒంగోలు జాతి రక్తం కూడా ఉంది. బ్రెజిల్‌లో ఆ జాతిని నెల్లూరు పేరుతో నెలోర్ అనే పిలుస్తారు.)

చక్రాలను కూడా చూపించండి. మన బండికి రెండు చక్రాలు కనుక బరువు ముందుకూ వెనక్కూ సరిగా తూగకపోతే ఎద్దుల మెడ మీద పడుతుంది, లేదా కాడి పైకి లేస్తుంది. వీళ్ళ బండికి నాలుగు చక్రాలు, తూకం బాధ లేదు, కాని మలుపు తిరగడం కష్టం. అందుకే ముందు చక్రాలను వెనకవాటికంటే చిన్నవిగా చేసేవారు, మలుపులో అవి తొట్టి కిందికి కొంత తిరగగలిగేలా. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోసి బిగించే పద్ధతి మాత్రం మన కమ్మరిదీ వాళ్ళ కమ్మరిదీ ఒక్కటే. పొడి గాలికి చెక్క ఎండి పట్టా వదులైతే వలస జనం రాత్రంతా చక్రాలను ఏటి నీళ్ళలో నానబెట్టేవారు. ఇప్పటి విహారపు బండ్లలో చాలావాటికి రబ్బరు టైర్లు వేస్తారు, లోపల బెంచీలు ఉంటాయి, లాగేవి బరువు పనికి పెంచిన పెద్ద జాతి గుర్రాలు. కాబట్టి అది అసలు వలస బండి అని మాత్రం పాపకు చెప్పకండి. దాని ఆకారాన్ని గుర్తుచేసే బండి అని చెప్పండి.

వలసదారి యెల్లోస్టోన్ గుండా వెళ్ళలేదు. అది దక్షిణంగా వంద మైళ్ళకు పైగా దూరంలో, వ్యోమింగ్‌లోని సౌత్ పాస్ అనే కనుమ గుండా పోయింది. మీరు బండిలో వెళ్ళే లోయది రెండో చరిత్ర, అంటే గుర్రపు బండ్లలో వచ్చిన యాత్రికుల చరిత్ర. యెల్లోస్టోన్ 1872 మార్చి 1న జాతీయ ఉద్యానవనం అయింది. 1883లో రైలు ఉత్తరపు సరిహద్దు దగ్గరికి వచ్చాక, యాత్రికులు అక్కడ దిగి రోజుల తరబడి గుర్రపు కోచ్‌లలో తిరిగేవారు. ఆ సరిహద్దు దగ్గరి గార్డినర్ ఊరి నుంచి కుక్ సిటీ గనులకు వెళ్ళే దారిలో, ప్లెజెంట్ వ్యాలీ అనే ఈ లోయలోనే, జాన్ యాన్సీ అనే వ్యక్తి 1884లో చిన్న దుంగల హోటల్ కట్టాడు. ఆయన 1903లో చనిపోయాడు, హోటల్ 1906లో కాలిపోయింది. ఇప్పుడు మీకు విందు పెట్టే చోటు ఆ పరిసరాల్లోనే ఉంటుంది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1903 ఏప్రిల్‌లో ఈ ప్రాంతంలో విడిది చేశాడు. ఆ పేరు మీదనే 1920లో లాడ్జ్ వెలిసింది. 1915 ఆగస్టు 1 నుంచి కార్లను లోపలికి అనుమతించారు, ఆ తర్వాత రెండేళ్ళలోపే కోచ్‌ల కాలం ముగిసింది. మీరు ఎక్కే బండి ఓరెగాన్ దారి బండిలా కనిపించినా, ఆ నేల మీద నిజంగా నడిచినవి ఈ యాత్రికుల బండ్లూ గనుల దారి టపా బండ్లూ.

వాటికంటే ముందు ఆ లోయలో ఎవరున్నారన్నది బండివాళ్ళ కథల్లో ఒక్కోసారి రాదు. షోషోనీ, క్రో, బానక్ వంటి ఆదివాసీ జాతుల వాళ్ళు ఎన్నో తరాలు ఈ కొండల్లో వేటాడారు, తిరిగారు. బానక్‌లు పడమటి నుంచి బైసన్ (అమెరికా అడవిదున్న) వేటకు వెళ్ళిన బాట ఈ ప్రాంతం మీదుగానే పోయింది. వలస బండ్ల మీద వాళ్ళు నిరంతరం దాడిచేశారన్న బొమ్మ ఎక్కువగా సినిమాలు గీసినది. 1840-1860 మధ్య ఆ దారుల మీద ఆదివాసుల చేతిలో చనిపోయిన వలసదారులు 362 మంది, వలసదారుల చేతిలో చనిపోయిన ఆదివాసులు 426 మంది అని ఒక ప్రసిద్ధ చరిత్ర పరిశోధన లెక్కకట్టింది. వలసదారులను అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చంపినది కలరా. పిల్లలు నడుస్తున్న బండి నుంచి జారి చక్రాల కింద పడి చనిపోవడం కూడా ఆ డైరీల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పాపకు ఈ భాగం ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం, కాని పెద్దవాళ్ళకు చెప్పండి.

మూడో చరిత్ర కౌబాయ్‌ది. అది వలస బండితో కలిసి పుట్టినది కాదు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్‌లో పశువులు లెక్కకు మించి ఉండేవి, ఉత్తరాన రైలు స్టేషన్ల దగ్గర వాటికి మంచి ధర పలికేది. రెండు మూడు వేల పశువుల మందను పది పన్నెండు మంది నెలల తరబడి తోలుకువెళ్ళేవారు. వాళ్ళలో నల్లజాతివాళ్ళూ, మెక్సికోవాళ్ళూ ఎందరో ఉన్నారు. లాసో (ఉచ్చుతాడు), రాంచ్, రోడియో (కౌబాయ్‌ల పోటీ) వంటి మాటలు స్పానిష్ నుంచి వచ్చినవే. వీళ్ళకు అన్నం పెట్టడానికి చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి 1866లో సైన్యం వాడి వదిలేసిన బండిని కొని, దాని వెనక అరలున్న పెట్టె బిగించాడు. పెట్టె తలుపు కిందికి దించితే వంటవాడికి బల్ల అవుతుంది. అరల్లో పిండి, బీన్స్, కాఫీ, మందులు, సూదీదారమూ ఉంటాయి. దానినే చక్ వ్యాగన్ అంటారు. చక్ అంటే వాళ్ళ వాడుకలో తిండి. మంద నాయకుడి తర్వాత ఎక్కువ జీతం వంటవాడిదే, అతని చుట్టూ కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గాలి వచ్చే వైపు నుంచి గుర్రం తోలి వంట మీద దుమ్ము లేపకూడదు, బండి చక్రానికి గుర్రాన్ని కట్టకూడదు, పిలవకుండా వడ్డించుకోకూడదు. రాత్రి పడుకునే ముందు వంటవాడు బండి ముందున్న నొగను ధ్రువనక్షత్రం వైపు తిప్పి ఉంచేవాడు, పొద్దున్నే దిక్కు తెలియడానికి. ముళ్ళతీగ కంచెలూ, దక్షిణానికి పాకిన రైళ్ళూ, 1886-87 నాటి భయంకరమైన శీతకాలమూ కలిసి ఇరవై ఏళ్ళలోనే ఆ దీర్ఘప్రయాణాలను ముగించాయి.

ఇక భోజనం విషయం. మీరు జాగ్రత్త పడవలసినది అన్నిటికంటే ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చదవండి. ఇలాంటి విందులో ప్రధానమైనది కట్టెల మీదో గ్రిల్ మీదో కాల్చిన గొడ్డుమాంసపు స్టేక్. పక్కన బీన్స్, మొక్కజొన్న రొట్టె, బంగాళదుంప సలాడ్, క్యాబేజీ సలాడ్, పుచ్చకాయ ముక్కలు, చివర ఆపిల్ పండ్లతో చేసిన తీపి ఉండడం పరిపాటి. స్టేక్ తీసుకోకపోతే మిగిలినవన్నీ శాకాహారమే కదా అని మనవాళ్ళు అనుకుంటారు. అది పొరపాటు. రూజ్‌వెల్ట్ బీన్స్ అని పేరుబడిన వంటకంలో బేకన్, ఖీమా చేసిన గొడ్డుమాంసం వేయడం ఆనవాయితీ. చాలాచోట్ల బీన్స్‌లో పందిమాంసం ముక్కలు ఉంటాయి. సలాడ్లలో వేసే మయొనీజ్‌లో గుడ్డు ఉంటుంది. మొక్కజొన్న రొట్టెలో గుడ్డు సాధారణం, కొందరు పందికొవ్వు కూడా వాడతారు. పిల్లలు నిప్పుల మీద కాల్చుకునే మార్ష్‌మాలోలో జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసిన జెలటిన్ ఉంటుంది.

ఒకసారి కొలరాడోలో ఒక విందులో మా అత్తగారు మాంసం వద్దని చెప్పి బీన్స్ పెట్టించుకున్నారు. రెండో ముద్దలో బేకన్ ముక్క కనిపించింది. ఆవిడ ఆ రాత్రి ఇంకేమీ తినలేదు, మరునాడు కూడా మనసు బాగాలేక గదిలోనే ఉండిపోయారు. వడ్డించిన అబ్బాయిని నేను అడిగితే అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. అతని దృష్టిలో మాంసం అంటే స్టేక్. బీన్స్‌లో వేసిన బేకన్ మనం పప్పులో పెట్టే పోపు లాంటిది, రుచి కోసం వేసేది, అది మాంసం కింద లెక్కకు రాదు. అప్పటి నుంచి నేను మాంసం లేనిది ఉందా అని అడగను. బీన్స్‌లో బేకన్ గాని గొడ్డుమాంసం గాని ఉందా, రొట్టెలో పందికొవ్వు ఉందా, శాకాహారం వేరే పెనం మీద చేస్తారా అని ఒక్కొక్కటి పేరుపెట్టి అడుగుతాను. మీరూ అలాగే అడగండి. టికెట్ తీసుకునేటప్పుడే శాకాహారం కావాలని నమోదు చేయించండి, రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసి మళ్ళీ గుర్తుచేయండి. వంట సామాను లాడ్జ్ నుంచి లోయకు బండిలో వెళ్ళేది కనుక అప్పటికప్పుడు అడిగితే వాళ్ళ దగ్గర ఏమీ ఉండకపోవచ్చు. ముందే చెబితే కూరగాయల ప్యాటీ లాంటిది ఏర్పాటు చేయడం వాళ్ళకు అలవాటే. ఒకే గ్రిల్ మీద కాలుస్తారన్న సందేహం ఉంటే రేకులో చుట్టి వేయమని అడగండి. నాన్నగారి కోసం కోడిమాంసం దొరుకుతుందేమో కూడా అదే ఫోన్‌లో అడగండి, దొరుకుతుందని అనుకుని వెళ్ళకండి.

ఇంత చేసినా అమ్మగారికి కడుపు నిండుతుందని నేను హామీ ఇవ్వను. బయలుదేరే ముందు లాడ్జ్ దగ్గరే పెరుగన్నమో పులిహోరో కాస్త తినిపించి తీసుకువెళ్ళడం మంచి పద్ధతి. ఆ తర్వాత విందు దగ్గర పుచ్చకాయ, ఏమీ కలపని మొక్కజొన్న కండె, కాఫీ ఉన్నా ఆవిడ అందరితోపాటు సంతోషంగా కూర్చోగలుగుతారు. మిగిలిన అన్నాన్ని మాత్రం బయట పెట్టకూడదు. అది ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం, వాసన వచ్చే ఏ తిండి అయినా కారులో పెట్టి తలుపులు వేసి తాళం వెయ్యాలి. అక్కడి నియమం చాలా కచ్చితం, కారణం కూడా న్యాయమైనదే. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగు ఆఖరికి ప్రాణం పోగొట్టుకుంటుంది.

కాఫీ గురించి రెండు మాటలు. మంట మీద పెట్టిన పెద్ద కెటిల్‌లో పొడిని నేరుగా నీళ్ళలో వేసి మరిగిస్తారు, దించాక కాస్త చల్లని నీళ్ళు చిలకరిస్తే మడ్డి అడుక్కి దిగుతుంది. పాలు, చిక్కదనం ఆశించే మన పెద్దలకు అది కాఫీలా అనిపించకపోవచ్చు. కాని ఆ చలిలో, పొగ వాసనతో, రేకు కప్పులో తాగితే మా నాన్నగారికి నచ్చింది, రెండోసారి అడిగి తాగారు. పోత ఇనుముతో చేసిన మూడు కాళ్ళ డచ్ ఓవెన్‌ను కూడా అమ్మగారికి చూపించండి. మూత అంచు పైకి లేచి ఉంటుంది, దాని మీద నిప్పులు పోస్తారు. కిందా పైనా నిప్పుతో రొట్టె కాలుతుంది. కట్టెల పొయ్యి మీద దిబ్బరొట్టె కాల్చేటప్పుడు మూత మీద నిప్పులు వేసే మన పద్ధతి గుర్తున్న వాళ్ళకు ఆ పాత్ర ఎలా పనిచేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

మోకాళ్ళ విషయంలో ఇబ్బంది ప్రయాణంలో కంటే ఎక్కడంలోనే ఎక్కువ. బండి తొట్టి నేల నుంచి బాగా ఎత్తులో ఉంటుంది. మెట్లు పెడతారు గాని అవి కూడా మన మెట్లకంటే ఎత్తుగా అనిపిస్తాయి. పెద్దావిడ ఉన్నారు, సాయం కావాలి అని లాడ్జ్‌లో పేరు చెప్పేటప్పుడే తెలియజేస్తే ముందుగా, నెమ్మదిగా ఎక్కిస్తారు. ఎక్కాక ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్యలో, అంటే బెంచీ నడుమ కూర్చోబెట్టండి. కుదుపు చక్రాల మీద నేరుగా కూర్చున్న వాళ్ళకు ఎక్కువగానూ నడుమ ఉన్న వాళ్ళకు తక్కువగానూ తగులుతుంది. ఒక దిండు తీసుకువెళ్ళండి, గట్టి చెక్క బెంచీ మీద అరగంటకు పైగా కూర్చోవాలి. గుర్రం మీద వెళ్ళే అవకాశం కూడా ఇస్తారు, కాని దానికి వయసు, ఎత్తు, బరువు పరిమితులు ఉంటాయి. ఆరేళ్ళ పాపతో ఆ ఆలోచన మానేసి అందరూ బండిలోనే వెళ్ళండి.

చలిని మనవాళ్ళు ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తారు. రూజ్‌వెల్ట్ లాడ్జ్ సుమారు 6,200 అడుగుల ఎత్తులో ఉంది, తిరుమల కొండకు సుమారు రెండింతలు. జూలైలో మధ్యాహ్నం చొక్కాతో తిరగగలిగినా, సూర్యుడు కొండ చాటుకు వెళ్ళగానే గాలి ఒక్కసారిగా మారుతుంది. పది డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగడం మామూలే. సాయంత్రపు ఉరుముల వాన కూడా ఉండవచ్చు, బండి గూడు దానిని పూర్తిగా ఆపదు. పెద్దవాళ్ళకు స్వెటర్, చెవులు కప్పే టోపీ, పలుచని వాన కోటు, మోకాళ్ళ మీద కప్పడానికి ఒక శాలువా తప్పనిసరి. దోమలకు మందు పూయండి. సముద్రమట్టం నుంచి వచ్చిన వాళ్ళకు మొదటి రోజు ఆయాసం, తలనొప్పి రావచ్చు కనుక ఈ విందును ప్రయాణం మొదటి సాయంత్రం పెట్టుకోకండి, రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి. షుగర్ మందులు వాడే వాళ్ళుంటే భోజనం ఎన్ని గంటలకో కనుక్కుని మాత్ర వేళ దానికి సరిచూసుకోండి. లోయలోకి వెళ్ళాక ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేరు.

టికెట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ కార్యక్రమం వేసవి నెలల్లోనే ఉంటుంది, జూలై వారాలు ఎంతో ముందుగా నిండిపోతాయి, కనుక ఇవాళే చూడండి. నిండిపోయి ఉంటే రద్దయిన టికెట్ల కోసం ఉదయం పూట ఫోన్ చేస్తూ ఉండండి, నాకు రెండుసార్లు అలాగే దొరికాయి. గార్డినర్‌లో దిగితే లాడ్జ్‌కు 23 మైళ్ళు. మ్యాప్ చూపించే సమయానికి మరొక ముప్పావు గంట కలుపుకోండి, ఎందుకంటే రోడ్డు మీద బైసన్ మంద నిలబడితే అది కదిలేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. బండి సమయానికి బయలుదేరుతుంది, మీ కోసం ఆగదు. బైసన్‌కు 25 గజాలు, ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ 100 గజాలు దూరం ఉండాలన్న నియమాన్ని పాపకు ముందే నేర్పండి.

ఆ బైసన్‌ల గురించి కూడా మీ నాన్నగారికి చెప్పండి. ఒకప్పుడు కోట్లలో ఉన్న ఆ జంతువులను చంపి ఊడ్చేసిన తర్వాతే ఆ గడ్డిమైదానాల్లోకి పశువుల మందలు వచ్చాయి. 1902 నాటికి యెల్లోస్టోన్‌లో అడవిలో మిగిలినవి రెండు డజన్ల లోపే. అప్పుడు బయట నుంచి కొన్నిటిని కొని తెచ్చారు. 1907 నుంచి, లాడ్జ్‌కు తూర్పున ఉన్న లామర్ లోయలోని రాంచ్‌లో గుర్రాల మీద తిరిగే కాపరులు వాటిని పశువుల్లాగే మేపి, గడ్డి కోసి పెట్టి, పెంచారు. ఇవాళ అక్కడ వేలల్లో ఉన్నాయి. విందు రోజు ఉదయం లామర్ లోయకు వెళ్ళి ఆ మందలను చూసి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సాయంత్రం బండి ఎక్కితే రెండూ ఒకే కథలా కలుస్తాయి. నా ఉద్దేశంలో ఆ రోజును గడపడానికి ఇంతకంటే మంచి వరుస లేదు.

టికెట్లు అసలే దొరకకపోతే కొలరాడో స్ప్రింగ్స్‌లోని ఫ్లయింగ్ డబ్ల్యూ రాంచ్‌లో చక్ వ్యాగన్ విందు ఉంది. 1953లో మొదలై, 2012 కార్చిచ్చులో కాలిపోయి, మళ్ళీ కట్టి 2020లో తెరిచారు. అక్కడి సంగీతం బాగుంటుంది. కాని బండిలో లోయలోకి వెళ్ళే అనుభవం అది కాదు కనుక, మీ నాన్నగారి కోసమే అయితే నేను దానిని రెండో ఎంపికగానే చెబుతాను.

ఆ సాయంత్రం ఒక అరగంట ముందే చేరుకోండి. గుర్రాలకు పట్టెడలు వేసి, పగ్గాలు సరిచేసి, బండికి పూన్చడం చూడనివ్వమని తోలేవాళ్ళను మర్యాదగా అడగండి. మా నాన్నగారు చిన్నప్పుడు ఎడ్లబండి తోలారు అని ఒక్క మాట చెప్పండి. వాళ్ళు సాధారణంగా దగ్గరికి రమ్మని పిలుస్తారు, గుర్రాన్ని ఏ వైపు నుంచి తాకాలో చూపిస్తారు. ఇక మీ అమ్మగారు గుడ్డు తింటారో లేదో మీరు రాయలేదు. తినకపోతే ఆ రొట్టె, సలాడ్లు రెండూ ఆవిడకు పనికిరావు, అప్పుడు పైన చెప్పిన ఫోన్‌లో అడగవలసిన ప్రశ్నలు మరికొన్ని పెరుగుతాయి. ఆ సంగతి ఇక్కడ రాయండి, ఏమేం అడగాలో వరుసగా రాసి ఇస్తాను.